డార్క్ రూములో లెక్కపెట్టే గొంతు

ఆ ఫోటో స్టూడియో వెనక గది మంచిది కాదని వీధి వీధంతా అనుకునేవాళ్లు.

మంచిది కాదంటే... మిట్టమధ్యాహ్నం కూడా ఆ గదిలో అర్ధరాత్రే. ఉన్న ఒక్క కిటికీకీ చెక్కలు బిగించి నల్లరంగు పూశారు. తలుపు అంచుల నిండా నల్లగుడ్డ. గాలి కోసమని పైన అరచేయంత కన్నం, దానికి కూడా వంకర రేకు మూత. రీళ్లు కడిగి ఫోటోలు తీసే డార్క్ రూము అది.

తొమ్మిదేళ్ల కిందట, స్టూడియో పెట్టిన పెద్దాయన ఆ గదిలోనే పోయాడు. కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే, చేతిలో ఫోటోలు పట్టి తీసే చిమటాతో. చేతిలో ఉన్న ఫోటోని హైపో మందులో వేసి, అది చెరిగిపోకుండా నిలిచిందని చూసుకున్నాకే ప్రాణం వదిలాడని చెప్పుకునేవాళ్లు. పని మధ్యలో వదిలేసి వెళ్లే మనిషి కాదట.

అలాంటి మనిషి, పోయాక మాత్రం ఊరుకుంటాడా... అని అనుమానం.

ఎదురు కొట్టు దర్జీకయితే అనుమానం కూడా లేదు. పని ఎక్కువై ఆలస్యంగా షట్టర్ దించే రాత్రుళ్లు, పక్క సందులోంచి చూస్తే ఆ రేకు మూత అంచున సన్నగా ఎరుపు కనిపించేదట. కాసేపు ఉండి, ఆరిపోయేదట. తర్వాత నీళ్లు పడుతున్న చప్పుడు... అదీ ఆ గదికి తాళం పడ్డాక.

అసలు తాళం ఎందుకు పడిందో చెప్పాలి.

పెద్దాయన తర్వాత స్టూడియో నడుపుతున్నది ఆయన అల్లుడు. పని నేర్చుకుందామని వచ్చి, అల్లుడై కూర్చున్నాడు. ఆయన్ని అందరూ రీలు బాబాయి అనేవాళ్లు. కెమెరా ముందుకు ఎవరొచ్చినా, "రీల్లో ముప్ఫై ఆరే ఉన్నాయి, నవ్వేదేదో ఇప్పుడే నవ్వండి" అనేవాడు. ఆ మాటకే సగం మంది నవ్వేవాళ్లు. కెమెరాతోనూ, కబుర్లతోనూ కూడా బాబాయి రీళ్లు వేస్తాడని దర్జీ ఎగతాళి.

అలాంటి రీలు బాబాయికి రీళ్లు దొరకడం మానేశాయి. హైపో అమ్మే కొట్టు మూతపడింది. మర్నాడే ఫోటో కావాలన్నవాళ్లకి మూడు రోజులు ఆగమంటే, ముఖం అదోలా పెట్టి వెళ్లిపోతున్నారు. ఇంకో ఊళ్లో ఉద్యోగం చేస్తున్న కూతురు ఒక సెలవు రోజున వచ్చి, డిజిటల్ కెమెరా ఒకటి బల్ల మీద పెట్టి, కంప్యూటర్ కూడా బిగించి వెళ్లింది.

ముప్ఫై ఏళ్లు చేసిన పని ఒక్క పూటలో చేతివేళ్లని వదలదుగా. ఫోటో తీసిన ప్రతిసారీ బాబాయి కుడి బొటనవేలు, రీలు జరిపే మీట లేకపోయినా దాన్ని తిప్పడానికి గాల్లోకి వెళ్లేది. పిల్లలు అది చూసి కిసుక్కుమనేవాళ్లు. ఊపిరి బిగపట్టి ముప్ఫై ఆరు తీసిన మనిషి, ఇప్పుడు పూటకి ఆరొందలు తీసి, అందులో ఏది బాగుందో తేల్చుకోలేక తల పట్టుకునేవాడు. అయినా బయటికి మాత్రం బింకమే. "మనదంతా డిజిటలే ఇప్పుడు. ఆ పాత కంపంతా పోయింది" అని వీధి చివరి దాకా వినబడేలా చెప్పుకున్నాడు.

చెప్పుకున్నందుకైనా చెయ్యాలి కాబట్టి, డార్క్ రూము మూసి తాళం తిప్పాడు. తాళంచెవి ఇంట్లో మేకుకి తగిలించి, భార్యతో — అంటే పెద్దాయన కూతురుతో, మనకి పిన్ని — ఇన్నేళ్లూ ఫోటోలు కడిగి ఆరేసి నీ చేతులు పాడయ్యాయి, ఇక హాయిగా కూర్చో అన్నాడు.

పిన్ని తాళం వైపు ఒకసారి చూసి, లోపలికి వెళ్లిపోయింది.

తండ్రి పోయిన గది కదా, బాధగా ఉంటుందిలే అనుకున్నాడు బాబాయి.

ఇది జరిగిన నాలుగు నెలలకి, బడి పెద్దటీచరు ఉద్యోగ విరమణ వచ్చింది. నలభై ఏళ్లుగా ఊళ్లో సగం మందికి చదువు చెప్పినావిడ. వీడ్కోలు సభకి ఫోటోలు బాబాయే. ఆవేళ టీచరు వాళ్లమ్మ కూడా వచ్చింది. తొంభై దాటిన మనిషి, చక్రాల కుర్చీలో, ఎక్కడో దూరాన్నించి. తరగతి గదిలో కిటికీ పక్కన తల్లిని కూర్చోబెట్టి, పెద్దటీచరు కింద మోకాళ్ల మీద కూర్చుని, తల్లి ఒళ్లో తల ఆనించింది. బాబాయితో మెల్లగా చెప్పింది, ఇదొక్కటి బాగా రావాలి, మిగతావి ఎలా వచ్చినా సరే అని. అమ్మ ఇక మళ్లీ ఇంత దూరం రాలేకపోవచ్చు అని కూడా చెప్పింది.

బాబాయి తీశాడు. కొత్త కెమెరాతో ఆరొందల చిల్లర.

ఇంటికొచ్చి కార్డు కంప్యూటర్‌లో పెట్టాడు. తెర మీద చిన్న డబ్బా ఒకటి లేచి ఏదో అడిగింది. మిషను అంత మర్యాదగా అడుగుతుంటే కాదంటే ఏం బాగుంటుంది... సరే అని నొక్కాడు.

కార్డు ఖాళీ.

ఒక్కటి కూడా లేదు. తీసి పెట్టాడు, పెట్టి తీశాడు, ఊదాడు, తుడిచాడు.  ఎవరితో చెప్పుకుంటాడు? కూతురికి చెబితే, ఆ డబ్బాలో ఏముందో చదవకుండా ఎలా నొక్కావు నాన్నా అంటుంది. దర్జీకి చెబితే సాయంత్రానికల్లా వీధంతా తెలుస్తుంది. పెద్దటీచరు శనివారం వస్తానంది. కుడితిలో పడ్డ ఎలుకయింది పరిస్థితి.

కాకపోతే, ఒక్క ఆశ. డిజిటల్ అని ఎంత చాటుకున్నా బాబాయికి లోపల్లోపల నమ్మకం లేదు. ఆవేళ సంచిలో పాత కెమెరా కూడా పడేసుకున్నాడు. ఎవరూ గమనించకుండా, దాచుకున్న ఆఖరి రీలు — నలుపు తెలుపుది — మొత్తం తీసేశాడు. కిటికీ పక్కన తల్లీ కూతుళ్లు అందులో ఉన్నారు.

ఉన్నారు సరే. ఆ రీలు కడగాలంటే... ఆ గదిలోకి వెళ్లాలి.

పగలు వెళితే పాత కంపు పోయిందన్న మాట గంగలో కలుస్తుంది. అందుకని రాత్రి, పిన్ని నిద్రపోయాక, మేకుకున్న తాళంచెవి తీసుకుని, దొంగలా వెళ్లాడు. గదిలో మిగిలిన డెవలపర్ మందు కలిపి, చీకట్లో రీలు డబ్బాలోకి ఎక్కించి, కడిగి, ఆరేశాడు. నెగెటివ్‌లు బానే వచ్చాయి. భయం తప్ప ఇంకేమీ ఎదురు కాలేదు.

రెండో రాత్రి, మామూలు వెలుతురు తగిలితే ఫోటో కాగితం పాడవుతుంది కాబట్టి ఎర్రలైటు వేసుకుని, తల్లీ కూతుళ్ల ఫోటో కాగితం మీదికి దించాడు. పాత కాగితం... ఎన్నిసార్లు చేసినా ఫోటో బూడిద రాసినట్టు వస్తోంది. కిటికీ అంతా తెల్లగా పేలిపోయింది. తల్లి ముఖం గోడలో కలిసిపోయింది. నాలుగు చెత్తబుట్టలో పడేసి, ఉన్నవాటిలో నయమనుకున్న ఐదోదాన్ని తీగకి తగిలించి, వెళ్లి పడుకున్నాడు.

మూడో రాత్రి తలుపు తీసి ఎర్రలైటు వేసి చూస్తే — తీగ మీద తన ఫోటో లేదు.

ఇంకోటి ఉంది.

అదే తల్లి, అదే కూతురు. కానీ నలుపు... కాటుకలా, లోతుగా. కిటికీలోంచి పడే వెలుతురు తల్లి చెంప మీద వెన్నలా నిలిచింది. ముడతలు ఒక్కొక్కటీ లెక్కపెట్టుకోవచ్చు. బాబాయి జన్మలో అలాంటి ప్రింటు తీయలేదు.

దాన్ని తిప్పి చూశాడు. వెనక పెన్సిలుతో రాసి ఉంది.

'మొత్తానికి పద్నాలుగు. కిటికీకి ఇంకో ఆరు.'

నెగెటివ్ నీడని కాగితం మీద వేసే ఎన్‌లార్జర్ లైటు ఎన్ని అంకెలు లెక్కపెట్టేదాకా వెలగాలో ఆ లెక్క; ఎంతసేపు వెలిగితే అంత నలుపు. ఫోటోల వెనక పెన్సిలుతో లెక్క రాసే అలవాటు ఆ ఇంట్లో ఒక్కరికే ఉండేది. ఆయన పోయి తొమ్మిదేళ్లు.

 లైటు ఎప్పుడు ఆర్పాడో, తలుపు ఎలా వేశాడో, మంచం మీదికి ఎలా వచ్చి పడ్డాడో ఆయనకే తెలియదు. పక్కన పిన్ని గాఢంగా నిద్రపోతోంది. లేపి చెబుదామనుకున్నాడు. ఏమని చెబుతాడు? మీ నాన్న నా ఫోటోలు దిద్దుతున్నాడనా?

తాళంచెవి మాత్రం మేకుకి తగిలించలేదు. తాడు కట్టి మెళ్లో వేసుకున్నాడు.

మర్నాడు ఉదయం, ఉండబట్టలేక, ఎవరూ చూడకుండా తలుపు తీశాడు. తీగ మీద ఇంకో రెండు. పిల్లల మధ్య పెద్దటీచరు ఒకటి, ఖాళీ బెంచీలు ఒకటి. రెంటి వెనకా పెన్సిలు లెక్క ఉంది. రెండోదాని కింద మాత్రం ఇంకో ముక్క కూడా.

'ఎర్రలైటు పాతబడింది. అంతసేపు వేసి ఉంచితే కాగితం చెడిపోదూ?'

దెయ్యం భయపెడుతుందని విన్నాడు గానీ, ఇలా కోప్పడుతుందని బాబాయి ఎక్కడా వినలేదు.

పగలంతా ఆలోచించాడు. పారిపోదామంటే ఇల్లూ అదే, కొట్టూ అదే. పైగా శనివారానికి ఇంకా రెండు రోజులే ఉన్నాయి. రీల్లో ముప్ఫై ఆరున్నాయి. మిగతావి ఎవరు తీస్తారు? తనవల్ల అవుతుందా? కాదని తెలిసిపోయింది. అయితే అటో ఇటో తేల్చుకోవాలి. మావగారే అయితే కాళ్ల మీద పడి, మిగతావి కూడా తీసిపెట్టమని అడగాలి.

ఆ సాయంత్రం, పక్క ఊళ్లో రాత్రి ఫంక్షన్ ఉందని పిన్నికి అబద్ధం చెప్పి, డిజిటల్ కెమెరా సంచి భుజానికి తగిలించుకుని వెళ్లాడు. పది దాటాక కొట్టు వైపు నుంచి చప్పుడు కాకుండా వచ్చి, డార్క్ రూములో దూరి, లోపల్నించి తాళం తిప్పుకుని, మూలనున్న నీళ్ల తొట్టి పక్కన ఒదిగి కూర్చున్నాడు.

చీకటి.

మామూలు చీకటి కాదు. కళ్లు తెరిచినా మూసినా ఒకటే. తన చెయ్యి తనకి కనపడదు. తొట్టిలో ఒక్కో చుక్కా పడుతోంది... టప్... చాలాసేపటికి మళ్లీ... టప్.

పదకొండు కొట్టింది ఎక్కడో.

అప్పుడు... తలుపు అవతల అడుగుల చప్పుడు.

మెత్తగా, తొందర లేకుండా. వచ్చి ఆగాయి. బాబాయి మెళ్లో తాళంచెవిని పిడికిట్లో బిగించాడు. అది తన దగ్గరే ఉంది —

తలుపులో తాళం తిరిగింది.

తలుపు తెరుచుకుంది, మూసుకుంది. లైటు వెలగలేదు. ఎవరో లోపలికి నడిచారు. ఆ కటిక చీకట్లో బల్లకి తగలకుండా, కుర్చీకి కొట్టుకోకుండా, తన సొంత గదిలో నడిచినట్టు నడిచారు. ట్రేలో నీళ్లు పోసిన చప్పుడు. కాగితం డబ్బా మూత తీసిన చప్పుడు.

టక్.

ఎన్‌లార్జర్ వెలిగింది. దాని వెలుతురంతా కింద బల్ల మీదే. ఆ వెలుతుర్లో ఒక ముఖం — తెల్లటి కనుపాపలు, నల్లటి పళ్లు, బొగ్గులాంటి చెంపలు.

నెగెటివ్ నీడ అలాగే ఉంటుందని ముప్ఫై ఏళ్లుగా తెలిసిన మనిషే. ఆ క్షణంలో ఏ తెలివీ పనిచెయ్యలేదు.  ఆ వెలుతుర్లోకి రెండు చేతులు వచ్చి, వేళ్లు గుండ్రంగా ముడుచుకుని, వెలుతురు కావలసినచోటే పడేలా అడ్డం నిలిచాయి. మనిషి కనపడలేదు. చేతులు మాత్రమే... ఇంకా ఒక గుసగుస.

"ఒకటి... రెండు... మూడు..."

మావగారు అలాగే లెక్కపెట్టేవారు. గడియారం నమ్మేవారు కాదు.

"మావగారూ..." అన్నాడు బాబాయి. 

లెక్క ఒక్క క్షణం ఆగింది. బాబాయి లేవబోయాడు, గోడ మీద స్విచ్చు కోసం తడుముకున్నాడు.

"లైటు వద్దు," అంది గుసగుస. "కాగితం బయటుంది."

చచ్చాక కూడా ఈయనకి కాగితం ధ్యాసే — అంత భయంలోనూ అనుకున్నాడట బాబాయి. అలాగే మోకాళ్ల మీద కూలబడి, చేతులు జోడించాడు.

"తప్పయిపోయింది మావగారూ. కార్డు చెరిపేశాను. మిషను ఏదో అడిగితే, చదవకుండా సరే అన్నాను."

"...పది... పదకొండు..."

"మీ గదికి తాళం వేశాను. పాత కంపు అన్నాను. డిజిటల్ అంతా వచ్చేసినట్టు గొప్పలు పోయాను. నాకేమీ రాలేదు."

"...పద్నాలుగు." లెక్క మళ్లీ ఒకటి నుంచి మొదలైంది. "...ఐదు... ఆరు." టక్. ఎన్‌లార్జర్ ఆరిపోయింది. మళ్లీ ఆ కటిక చీకటి. నీళ్లలోకి కాగితం జారిన చప్పుడు.

"ఇంకా?" అంది గుసగుస.

ఇంకా ఏమిటి? మావగారు అడుగుతున్నారంటే, తెలిసే అడుగుతున్నారు. పోయినవాళ్ల దగ్గర దాచేదేముంది?

"కొట్లో పైన వేలాడుతుందే, వానలో గొడుగేసుకున్న పోస్టుమాన్ ఫోటో... మీరు పోయిన ఏడాది బహుమతి వచ్చింది దానికి. అది నేను ముందు కాగితం మీదికి దించినప్పుడు చప్పగా వచ్చింది మావగారూ. మీ అమ్మాయి చూసి, గొడుగు ఇంకా నల్లబడాలి, వెనక గోడ కొంచెం తగ్గాలి అంది. నీకేం తెలుసు అని కసిరాను. ఆమె పడుకున్నాక లేచి వచ్చి, ఆమె చెప్పినట్టే చేశాను."

చీకట్లో ట్రే మెల్లగా ఊగుతున్న అలికిడి. 

"ఆ మాట ఆమెతో ఇప్పటిదాకా చెప్పలేదు. బహుమతి తీసుకున్నప్పుడు కూడా చెప్పలేదు. కడిగి ఆరేసే మనిషనే అందరికీ చెప్పాను."

ట్రే ఆగింది.

ఎర్రలైటు వెలిగింది.

బల్ల దగ్గర పిన్ని నిలబడి ఉంది. జుట్టు ముడేసుకుని, మోచేతుల దాకా తడి చేతులతో. చూపు ట్రేలో ఫోటో మీదే ఉంది.

"ఇప్పుడు చెప్పారుగా," అంది.

బాబాయి అలాగే మోకాళ్ల మీద ఉండిపోయాడు. చేతులు జోడించినవి జోడించినట్టే ఉన్నాయి. దించాలని తట్టలేదట.

పిన్ని చిమటాతో ఫోటోని హైపోలోకి మార్చింది. అప్పుడు చెప్పింది ఒక్కొక్కటీ. పెళ్లికి ముందు ఏడేళ్లు ఈ గదిలో నాన్న పక్కన నిలబడి పని చేసిందట. గుడ్డిదీపం కూడా లేకుండా నడవడం నాన్నే నేర్పాడు, పెన్సిలు లెక్క నాన్నే నేర్పాడు, రెండో తాళంచెవీ నాన్నే ఇచ్చాడు. అల్లుడు వచ్చాక, గదిలో ఇద్దరు మగవాళ్లు చాలని తనని కడిగే తొట్టి దగ్గరికి పంపారు. తాళం పడ్డ వారం నుంచీ రాత్రుళ్లు వచ్చి నాన్న పాత నెగెటివ్‌ల నుంచి ఒక్కొక్క ఫోటో తీసుకుంటోంది. మూడు రోజుల కిందట బాబాయి చేతులు హైపో వాసన కొడుతుంటే విషయం అర్థమయ్యింది. చెత్తబుట్టలో నాలుగు ఫోటోలు చూశాక, చూస్తూ ఊరుకోలేకపోయింది.

ఇన్నాళ్లు నాకు చెప్పకుండా ఎందుకు అని బాబాయి నీరసంగా అడిగాడు.

"హాయిగా కూర్చోమన్నారు," అంది పిన్ని. "ఎంతసేపని కూర్చోను?"

బాబాయి లేచి, తొట్టిలో నీళ్లు మార్చాడు. ఆ రాత్రి తెల్లవారేదాకా ఆవిడ ఫోటోలు తీసింది, ఆయన కడిగి ఆరేశాడు. ఒక్కసారి మాత్రం, నలుపు కొంచెం ఎక్కువైందేమో అనబోయి, మింగేశాడు.

శనివారం పెద్దటీచరు వచ్చింది. బాబాయి దాచకుండా, ఆరొందలు పోయాయనీ, ముప్ఫై ఆరే మిగిలాయనీ చెప్పేశాడు. ఆవిడ ఫోటోలు ఒక్కొక్కటీ తిప్పుతూ వచ్చి, కిటికీ పక్కన తీసిన ఫోటో దగ్గర ఆగింది. తల్లి చెంప మీద వెలుతురుని వేలితో తాకబోయి, తాకకుండా వేలు తీసేసుకుంది. ఆరొందలైతే నేను ఎప్పుడు చూసేదాన్ని అంది. ఇది మీరే తీశారా అని అడిగింది.

కెమెరా పట్టుకున్నది నేను, ఫోటో తీసింది మా ఆవిడ — అన్నాడు బాబాయి. లోపల గదిలో పిన్ని చేతిలో గిన్నె చప్పుడు ఆగిపోయింది.

తర్వాతి సెలవుకి కూతురు వచ్చినప్పుడు, కంప్యూటర్ నాకు కాదు, మీ అమ్మకి నేర్పు అన్నాడు. పిన్ని కుర్చీ అంచున కూర్చుంది. కూతురు ఒక ఫోటో తెరిచి, తెర పక్కనున్న బొమ్మలు ఒక్కొక్కటీ దేనికో చెబుతోంది. అందులో ఒకటి చిన్న చెయ్యి, వేళ్లు గుండ్రంగా ముడుచుకుని ఉంది. అదేంటని అడిగింది పిన్ని. ఎక్కడ కావాలంటే అక్కడ నల్లబరచడానికి అంది కూతురు.

పిన్ని తన చెయ్యి ఎత్తి, వేళ్లు అలాగే ముడిచి, తెర పక్కన పెట్టి చూసుకుంది. ఆ తర్వాత ఇంకెవరినీ ఏమీ అడగలేదు. రాత్రి భోజనాల వేళకి, ఒక పెళ్లికూతురి వెనక తెల్లగా పేలిపోయిన ఆకాశాన్ని మబ్బులతో సహా వెనక్కి తెచ్చింది.

తెర మీద నలుపు బాగా తెలియాలంటే చుట్టూ వెలుతురు ఉండకూడదంది. కంప్యూటర్‌ని డార్క్ రూములోకి మార్చారు. ఇప్పుడు బాబాయి పగలంతా ఫోటోలు తీసి, సాయంత్రం కార్డు తెచ్చి ఇస్తాడు. డబ్బా లేచి ఏదైనా అడిగితే, సరే అనేది పిన్నే.

తలుపు మూసి ఉంటే, ముందు తట్టి ఆగుతాడు. లోపల వెలుతురు తగిలి పాడయ్యేది ఏమీ లేదని ఆయనకి తెలుసు. అయినా, రండి అనేదాకా కార్డు చేత్తో పట్టుకుని బయటే నిలబడతాడు.